లక్షా తొంభై వేలు తిరిగిన స్కార్పియో కొనొచ్చా?

దసరాకు వారం ముందు మా బామ్మర్ది మిర్యాలగూడ నుంచి ఫోన్ చేశాడు. "బావా, స్కార్పియో ఒకటి దొరికింది. 2016 మోడల్, ఫస్ట్ ఓనర్, బండి మంచిగుంది. కానీ లక్షా తొంభై రెండు వేలు తిరిగింది. తీసుకోమంటవా, వద్దంటవా?"

ఇలాంటి దానికి ఫోన్‌లో జవాబు చెప్పలేం. అదీగాక వాడు ఇంకో రెండు కూడా చూసిపెట్టుకున్నాడు. ఒకటి హైదరాబాద్‌లో ఉన్న 2017 హ్యుందాయ్ క్రెటా డీజిల్, 84 వేలే తిరిగింది. రెండోది షోరూమ్ నుంచి కొత్త టాటా పంచ్, పెట్రోల్. వాడి బడ్జెట్ అన్నీ కలిపి 8 లక్షలు. ఆ ఆదివారం నల్లగొండలో మా ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసిన లెక్కలు, తర్వాత బండ్ల దగ్గరికి పోయి చూసిన సంగతులు రాస్తున్నా. మీ అవసరం వేరైతే జవాబు కూడా వేరుగా వస్తుంది. లెక్క వేసే తీరు మాత్రం పనికొస్తుంది.

ముందు ఒక మాట, రీడింగ్ అని నేను అనేది మీటర్ మీద కనిపించే అంకె, అంటే బండి ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనేది.

వాళ్లింట్లో ఆరుగురు. వాళ్లిద్దరు, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మామయ్య. దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉంది, చివరి నాలుగు కిలోమీటర్లు మట్టి బాట, వానాకాలం అయితే బురదే. నెలకు రెండుసార్లు హైదరాబాద్ పోవాలి. ఏడాదికోసారి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలి. మొత్తం నెలకు వెయ్యి కిలోమీటర్లు వేసుకున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, అది కూడా కాగితం మీద రాయించాను. స్కార్పియో ఎక్కడానికి మెట్టు ఎత్తు. కొనేవాడు నడిపే మనిషి గురించే ఆలోచిస్తాడు, వెనక సీట్లోకి ఎక్కి దిగే మనిషిని మర్చిపోతాడు.

ఇక రీడింగ్. లక్షా తొంభై వేలు అనగానే మా మామయ్య "అయ్యో, ఇంజిన్ అయిపోయుంటది" అన్నాడు. అప్పుడు రెండు బండ్లకూ కిలోమీటర్లు పక్కన పెట్టి గంటల లెక్క వేశాం. స్కార్పియో ఓనర్‌ది ధాన్యం వ్యాపారం, ఎక్కువగా హైవే మీద తిరిగింది. సగటున గంటకు 55 కిలోమీటర్లు అనుకుంటే 1,92,000 కిలోమీటర్లకు ఇంజిన్ నడిచింది సుమారు 3,500 గంటలు. క్రెటా రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు పోయొచ్చిన బండి. ఆ ట్రాఫిక్‌లో సగటు 20 దాటదు. 84,000 కిలోమీటర్లకు 4,200 గంటలు. తక్కువ తిరిగిందనుకున్న బండి ఇంజినే ఎక్కువ సేపు పనిచేసింది. పైగా హైవే మీద అరవై, డెబ్బై కిలోమీటర్లు ఒకే గేరులో పోవచ్చు, అదే సిటీలో కిలోమీటరుకు పదిసార్లు క్లచ్ తొక్కాలి. క్లచ్, బ్రేకులు, స్టార్టర్ మోటార్ ఇవన్నీ కిలోమీటర్ల కంటే ట్రాఫిక్‌నే లెక్కపెట్టుకుంటాయి.

అలాగని రీడింగ్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బర్లు), షాక్స్, వీల్ బేరింగులు, సీట్లు, తలుపుల కీళ్లు, టర్బో, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిళ్లు ఇవి హైవే మీద తిరిగినా అరుగుతాయి. లక్షన్నర దాటిన బండిలో వీటిలో ఏదో ఒకటి వరసలో ఉంటుంది. కాబట్టి అడగాల్సింది ఎంత తిరిగిందని ఒక్కటే కాదు. ఎక్కడ తిరిగింది, ఇప్పటికే ఏవేవి మార్చారు, ఇక మార్చాల్సినవి ఏవి, ఆ డబ్బు ధరలో తగ్గించారా. ఇవన్నీ అడగాలి.

రీడింగ్ నిజమేనా అన్నది అన్నిటికంటే ముందు తేలాలి. నేను ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువే చెప్తా. కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక దగ్గర బండి కొన్నా. ఏ బండో, ఎవరి దగ్గరో ఇప్పుడు అనవసరం. రీడింగ్ 78 వేలు. మెరిసిపోతోంది. కొన్న రెండో నెలలో బ్రేక్ ప్యాడ్లు మార్పిద్దామని కూర్చుంటే మా మెకానిక్ లోపలికి తొంగి చూసి, "అన్నా, ఈ యాక్సిలరేటర్ పెడల్ రబ్బరు కొత్తది ఎందుకుంది?" అన్నాడు. చూస్తే నిజమే. యాక్సిలరేటర్ రబ్బరు నల్లగా, గీతలు చెక్కుచెదరకుండా ఉంది. పక్కనే క్లచ్ పెడల్ మూల అరిగి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. మార్చినవాడు మూడింటిలో ఒకటి మార్చి, రెండు మర్చిపోయాడు. తర్వాత సర్వీస్ హిస్టరీ తీయిస్తే మూడేళ్ల కిందే లక్షా నలభై వేల దగ్గర సర్వీస్ అయినట్టు ఉంది. మీటర్ కట్ చేసి అమ్మారు. ఆ రోజు నుంచి నేను ఏ బండి దగ్గరికి పోయినా ముందు బానెట్ ఎత్తను, డ్రైవర్ తలుపు తీసి కింద కూర్చుని పెడల్స్ చూస్తా.

చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. డ్రైవర్ సీటులో తలుపు వైపు అంచు ఎంత నలిగింది, స్టీరింగ్ మీద తోలు ఎక్కడ నునుపు తేలింది, గేర్ రాడ్ మీద అంకెలు కనిపిస్తున్నాయా. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 3419 అని ఉంటే 2019లో 34వ వారంలో తయారైందని. 2021 మోడల్, 30 వేలే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ 2024వి ఉంటే, మొదటి టైర్లు అంత తొందరగా ఎలా అరిగాయని అడగండి. ఆయిల్ మార్చినప్పుడు బానెట్ లోపలో, తలుపు అంచునో స్టిక్కర్ వేస్తారు. మీటర్ తిప్పినవాళ్లు ఒక్కోసారి దాన్ని పీకడం మర్చిపోతారు.

ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కాబట్టి ఓనర్ ఫోన్‌లోనే బండి తిరుగుడు అంతా రాసి ఉంటుంది. స్కార్పియో ఓనర్‌ను మర్యాదగానే అడిగాం, ఆయన నవ్వుతూ యాప్ తెరిచి ఇచ్చాడు. మాడ్గులపల్లి, పంతంగి, మళ్లీ పంతంగి, మాడ్గులపల్లి. వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ పోయి రావడం మూడు వందల కిలోమీటర్లకు అటూఇటు. వారానికోసారి అంటే ఏడాదికి 15 వేలు. చుట్టుపక్కల తిరుగుడు ఇంకో ఆరు వేలు వేసుకుంటే 21 వేలు, తొమ్మిదేళ్లకు 1,89,000. మీటర్ మీద 1,92,000. ఆయన చెప్పిన కథా, మీటర్ మీద అంకే సరిపోయాయి. నాకు ఆ బండి మీద నమ్మకం కుదిరింది అక్కడే. లక్షా తొంభై అని ఎవడూ మీటర్‌ను ముందుకు తిప్పి పెట్టడు కదా.

సర్వీస్ హిస్టరీకి ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోండి, తేదీ, రీడింగ్, చేసిన పని వరసగా తీసిస్తారు. "షోరూమ్ ట్రాక్ ఉంది సార్" అన్న మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, కాగితం చూడండి. మొదటి 60 వేలకే ట్రాక్ ఉండి, తర్వాత బయటి మెకానిక్ దగ్గర చేయించారంటే అది తప్పేం కాదు. మన ఊళ్లలో వారంటీ అయిపోగానే అందరం చేసేది అదే. ఆ మెకానిక్ ఎవరో అడిగి, పోయి మాట్లాడితే సగం విషయం అక్కడే తెలుస్తుంది.

స్కార్పియోను చూడ్డానికి పొద్దున ఆరున్నరకు పోయాం. ముందు రోజే ఓనర్‌కు చెప్పాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. పోగానే నేను బానెట్ మీద చెయ్యి పెట్టా. చల్లగా ఉంది. వెచ్చగా ఉంటే ఏదో దాచడానికే ముందుగా వేడి చేసి పెట్టారని అనుమానించాలి. చలిలో మొరాయించే ఇంజిన్ కూడా ఒకసారి వేడెక్కాక బుద్ధిమంతుడిలా స్టార్ట్ అవుతుంది. తాళం తిప్పగానే అందుకుంది. సైలెన్సర్ దగ్గర బామ్మర్దిని నిలబెట్టా. మొదటి రెండు నిమిషాలు కొంచెం తెల్లపొగ చలికి మామూలే. నల్లపొగ అయితే నోజిళ్లో, ఎయిర్ ఫిల్టరో చూసుకోవాలి. నీలం రంగు తేలితే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం, అక్కడితో బేరం ఆపేయొచ్చు.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి తీశాం. మెకానిక్‌లు దీన్ని బ్యాక్ కంప్రెషన్ చూడటం అంటారు. మూత తీసి అదే రంధ్రం మీద తలకిందులుగా ఊరికే పెట్టాలి. సన్నగా ఆవిరి వస్తూ మూత అక్కడే కదులుతూ ఉంటే ఆ వయసుకు ఫరవాలేదు. గుప్పుగుప్పుమని పొగ తన్ని మూత ఎగిరి పడితే లోపల పిస్టన్ రింగులు అరిగాయని. ఈ బండిలో మూత కొంచెం వణికింది, పడలేదు. మా మెకానిక్ తల ఊపాడు. మూత లోపలి వైపు పెరుగు మీగడలా తెల్లటి జిగురు ఉందేమో కూడా చూశాడు, అలా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు అనుమానం. ఏం లేదు. కూలెంట్ ట్యాంకులో నూనె తెట్టు కూడా లేదు.

నార్కట్‌పల్లి రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి చూస్తే మాత్రం లోపాలు బయటపడ్డాయి. నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగింది, బండి వేగం అంతగా పెరగలేదు. క్లచ్ జారుతోంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు టక్‌మని చప్పుడు, లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి. టైర్లలో రెండు 3419 కోడ్‌వి, అంచులు పగుళ్లిచ్చాయి. టర్బో గొట్టం దగ్గర కొంచెం ఆయిల్ తడి, తుడిచి పది కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూస్తే పెద్దగా రాలేదు. అక్కడే రోడ్డు పక్కన మెకానిక్ లెక్క చెప్పాడు: క్లచ్ సెట్ లేబర్‌తో 20 వేలు, సస్పెన్షన్ పని 22 వేలు, నాలుగు టైర్లు 40 వేలు, అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, బెల్టులు 15 వేలు. మొత్తం 97 వేలు.

ఓనర్ అడిగింది 6.75 లక్షలు. చేతిలో ఈ చీటీ ఉంది కాబట్టి బేరానికి మాటలు వెతుక్కోవాల్సిన పని పడలేదు. 6.2 దగ్గర తెగింది. 97 వేల పని, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి అన్నీ కలిపితే ఏడున్నర లక్షలు. 50 వేలు మిగులుతాయి. ఆ 50 వేలు ముట్టుకోవద్దని బామ్మర్దితో ఒట్టు వేయించుకున్నా. ఎక్కువ తిరిగిన బండి కొనేవాళ్లు చేసే అసలు తప్పు బడ్జెట్ మొత్తం బండి ధరకే పెట్టేయడం. ఆరో నెలలో నోజిళ్లు అడిగినప్పుడు చేతిలో డబ్బుండదు, బండి మూల పడుతుంది.

క్రెటా సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది మంచి బండే. నడపడానికి సుఖం, లీటరుకు 16 దాకా ఇస్తుంది. స్కార్పియో 12 ఇస్తే గొప్ప. డీజిల్ 96 రూపాయలు వేసుకుంటే క్రెటాకు కిలోమీటరుకు 6 రూపాయలు, స్కార్పియోకు 8. నెలకు వెయ్యి కిలోమీటర్లకు తేడా 2,000, ఏడాదికి 24 వేలు. ఇది చిన్న మాట కాదు. కానీ చివరి మాటగా 7.6 లక్షలు అడిగారు, క్లచ్ చివరి దశలో ఉంది, ఇన్సూరెన్స్ అయిపోయింది. కలిపితే 8.3. పైగా ఐదు సీట్లు. ఆరుగురు ఎప్పుడో ఒకసారి కదా అని బామ్మర్ది భార్య అంది. మామయ్య, అత్తమ్మ లేకుండా వాళ్లు శ్రీశైలం పోయింది ఎప్పుడని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. నలుగురే ఉండే ఇల్లయితే, సిటీ బండి క్లచ్ మార్పించుకోవడానికి సిద్ధపడితే, నేను క్రెటానే తీసుకోమనేవాణ్ణి.

కొత్త పంచ్‌కు కూడా గట్టి వాదనే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, దాంతో కొత్త చిన్న బండికీ పాత పెద్ద బండికీ మధ్య ధర తేడా తగ్గిపోయింది. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు ఇంకా పాత ధరలే చెప్తుంటే ఈ మాట గుర్తుచేయండి. వారంటీ ఉంటుంది, రోడ్డు మధ్యలో ఆగిపోతుందన్న టెన్షన్ ఉండదు, బ్యాంకు లోన్ కొత్త బండికి తక్కువ వడ్డీకి వస్తుంది. ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. బండ్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పంచ్‌కు 2021లో 5 స్టార్లు వచ్చాయి. అదే సంస్థ 2016లో పరీక్షించిన ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు సున్నా వచ్చింది. బండి ఎత్తుగా, బరువుగా ఉంటే గట్టిదనుకోవడం మన భ్రమ. పాత స్కార్పియో కొనాలనుకుంటే రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న మోడలే చూడండి, ధర ఎంత తక్కువైనా అవి లేనిది వద్దు. మేం చూసిన దాంట్లో ఉన్నాయి. పంచ్ ఆగిపోయింది ఒక్క దగ్గరే, ఐదు సీట్లు.

మరి ఇన్నోవా ఎందుకు చూడలేదని మీరు అడుగుతారు, అందరూ అడిగారు. ఎస్‌యూవీ కాదు ఎంపీవీ, అంటే ఎక్కువ మందిని ఎక్కించుకునే వ్యాన్ లాంటి బండి అని తెలిసినవాళ్లు సరిదిద్దుతారు గానీ, మా వైపు నిండా మనుషులు పట్టే ఎత్తు బండి ఏదైనా పెద్ద బండే. అత్తమ్మ మోకాళ్లకు అదే నయం కూడా. రెండు లక్షలు దాటినా ఇన్నోవా నడుస్తుందన్నది నిజమే. ఆ పేరే దానికి ధర కూడా పెంచింది. అదే డబ్బుకు స్కార్పియో కంటే నాలుగేళ్లు పాత ఇన్నోవా వస్తుంది. అందులో చాలావరకు ట్రావెల్స్‌లో తిరిగి, తర్వాత ఎల్లో బోర్డు మార్పించుకుని వైట్ బోర్డు వేసుకున్నవి. ట్రావెల్స్ బండి పాపం కాదు, సర్వీస్ బాగానే చేయిస్తారు, కానీ ప్రైవేట్ బండి ధరకు కొనొద్దు. ఆర్సీ వివరాల్లో ముందు ఏ తరగతిలో ఉందో చూడండి. 2016కు ముందు ఇన్నోవా 2.5 డీజిల్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, కొన్న రోజే మార్పించండి. అది తెగితే ఇంజిన్ లోపల వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది, ఆ ఖర్చు లక్ష దాటొచ్చు. ఆ తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టాలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, కానీ అది మా బడ్జెట్‌కు అందదు. స్కార్పియో 2.2 ఎమ్‌హాక్ ఇంజిన్‌లోనూ చైనే, చప్పుడు లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

బొలెరో తోట వరకే అయితే చాలు, హైదరాబాద్ పోయొచ్చాక నడుము అడుగుతుంది. పాత డస్టర్ డీజిల్ గుంతల రోడ్డు మీద ఆ ధరకు అంత హాయిగా నడిచే బండి నేను చూడలేదు, కానీ ఆ డీజిల్ అమ్మకం ఇక్కడ 2020లోనే ఆగింది, ఏదైనా పార్ట్ కావాలంటే మిర్యాలగూడలో దొరికే సంగతి కాదు. పాత ఫార్చునర్ పది లక్షల్లో వస్తుందని ఎవరైనా ఊరిస్తే, ముందు నాయకుల వెనక కాన్వాయ్‌లో తిరిగిందేమో కనుక్కోండి. కొనే డబ్బు కాదు, దాని పార్టుల ధర చూసి నిర్ణయించుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత, బీఎస్6 అనే కాలుష్య నిబంధనతో వచ్చిన డీజిల్ కొంటే సైలెన్సర్‌లో మసి ఫిల్టర్ ఉంటుంది, అప్పుడప్పుడూ హైవే ఎక్కించకపోతే మూసుకుపోతుంది. ఊళ్లోనే నాలుగేసి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిలే వద్దు.

ఢిల్లీ బండ్ల గురించి ఒక మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) ఆంక్షలు పెట్టినప్పటి నుంచి, తొమ్మిదో ఏడు వచ్చిందంటే చాలు చవకగా వదిలించుకుంటూ వచ్చారు. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో వాటిని తెచ్చి అమ్మేవాళ్లున్నారు. ధర మనకంటే లక్షో, లక్షన్నరో తక్కువగా కనిపిస్తుంది. కానీ అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. దాన్ని బండి కొత్తప్పటి ధర, ఇప్పటి వయసు చూసి లెక్క కడతారు. అది కలిపితే మిగిలేది కొంచెమే. ఆ కొంచెం కోసం పాత చరిత్ర తెలియని బండి తెచ్చుకోవడం నాకు నచ్చదు. మేం చూసింది టీఎస్ 05, నల్లగొండ రిజిస్ట్రేషన్. నాలుగు వీధులవతల అడిగితే బండి గుణం తెలుస్తుంది.

వరద బండ్లు ఇంకా ప్రమాదం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ, ఖమ్మం, కోదాడ నీట మునిగాయి. అప్పుడు మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోలేదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా బయటికి లాగి చూడండి, కడిగినా అక్కడ బురద గీత మిగులుతుంది. సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కొసలు పచ్చబారాయేమో చూడండి. అద్దాలు మూసి ఏసీ ఆపి ఐదు నిమిషాలు కూర్చుంటే ముక్కుకే తెలుస్తుంది. అనుమానం వస్తే ధర తగ్గించమని అడగొద్దు, లేచి వచ్చేయండి.

కాగితాల పని సూటిగా ఉంటుంది. ఆర్సీ, ఛాసిస్ నంబర్ బండి మీద ఉన్నదానితో సరిపోల్చాలి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అనేవి కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలో ఫైనాన్స్ తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి, అంతకుముందు బయానా మాత్రమే. పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు చేయించుకుని ఆర్టీఏలో స్లాట్ బుక్ చేసుకోండి, ఖాళీ ఫారాలు తీసుకుని నెలల తరబడి పెట్టుకోవద్దు. ఈ-చలాన్లు అన్నీ కట్టించాలి, స్కార్పియో మీద నాలుగు బయటపడ్డాయి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి 14 రోజుల్లో మార్పించుకోవాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. బండికి 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయాలి, 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2016 బండికి 2031 దాకా ఆ బాధ లేదు.

బామ్మర్దికి నచ్చని లెక్క ఒకటి చివర వేశాను. అసలు బండే కొనకపోతే? ఏడాదికి బండి ధర తరుగుదల 60 వేలు, ఇన్సూరెన్స్ 20 వేలు, రిపేర్లు 40 వేలు. నడిపినా నడపకపోయినా 1,20,000. దాని మీద కిలోమీటరుకు 8 రూపాయల డీజిల్. కిరాయి బండి డ్రైవర్‌తో కలిపి కిలోమీటరుకు 20 అనుకుంటే, తేడా 12 రూపాయలు. 1,20,000ను 12తో భాగిస్తే పది వేల కిలోమీటర్లు. అంటే నెలకు 830 కంటే తక్కువ తిరిగే ఇంటికి కిరాయే చవక. వీళ్లది వెయ్యి కాబట్టి గీత దాటారు, అది కూడా కొంచెమే. "అర్ధరాత్రి నాన్నకు నొప్పి వస్తే కిరాయి బండి కోసం ఫోన్లు చేసుకుంట కూర్చోమంటవా బావా?" అన్నాడు. దానికి నా కాగితంలో గడి లేదు.

స్కార్పియో తీసుకున్నారు. 97 వేల పనికి 1,04,000 అయింది, స్టీరింగ్ ఎండ్లు కూడా మార్చాల్సి వచ్చింది. అత్తమ్మ కోసం సైడ్ స్టెప్ కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేయించారు, 1,800. ఇప్పుడు రీడింగ్ రెండు లక్షలకు దగ్గర పడుతోంది. చుట్టాలెవరైనా ముందు సీట్లో కూర్చుంటున్నారంటే బామ్మర్ది మీటర్ బటన్ నొక్కి ట్రిప్ వైపు మారుస్తాడు. అక్కడ 312 అని కనిపిస్తుంది.